ముల్లు చెప్పిన సాక్ష్యము

మా సంఘ పెద్దలలో ఒకరికి పదునైదేండ్ల నాటి పెట్రోలు కారొకటి కలదు. గ్రామములో ఎవరికి జబ్బు చేసినను, కాన్పు నొప్పులు వచ్చినను పట్నపు ఆసుపత్రికి చేర్చునది ఆ కారే. దానిని నడుపు అబ్బాయి మా సంఘపు బిడ్డయే. గత ఎండాకాలమున మేము అతనితో కూడ వెళ్లుచుండగా, ఇంజను వేడిమి చూపు ముల్లు ఒక్కసారిగా ఎర్రగీతను దాటెను. బండి ఆపించి, "నీళ్లు చూడకుండ తీసితివా?" అని అతనిని గద్దించితిమి. "పొద్దున్నే చూశానండి అయ్యగారూ, నిండా ఉన్నాయండి" అని అతడు చెప్పెను. మేము నమ్మలేదు. ముల్లు కండ్లయెదుట చెప్పుచుండగా మనిషి మాట ఎవరికి కావలెను?

ఒక షెడ్డులో వేడిమి సెన్సారు పాడైనదని దానిని తీసివేసి క్రొత్తది బిగించిరి. అబ్బాయి అజాగ్రత్త వలన ఇంజను కాగి సెన్సారు చెడినదని నిశ్చయించి, దాని ఖరీదు అతని జీతములో పట్టుకొనిరి. న్యాయమేయని మేమును తలంచితిమి. మూడవ దినమున ముల్లు మరల ఎర్రగీతను దాటెను.

అప్పుడు పట్నములోని ఒక వృద్ధ మేస్త్రి వద్దకు వెళ్లితిమి. ఆయన పని చేసిన రీతిని కొంచెము వివరముగా వ్రాయుట అవసరమని తోచుచున్నది.

ఈ సెన్సారు ఇంజను నీళ్లను తాకుచుండు చిన్న మొలక వంటిది. దాని లోపల థర్మిస్టరను పూస యుండును. చల్లగానున్నప్పుడు అది కరెంటును బాగుగా అడ్డగించును. వేడెక్కిన కొలది దారి విడుచును. అనేక కార్లలో 20 డిగ్రీల యొద్ద 2000 మొదలు 3000 ఓములవరకు ఉండు అడ్డు, 80 డిగ్రీల యొద్ద 300 ఓముల ప్రాంతమునకు దిగును. కారులోని కంప్యూటరు ఒక తీగమీద 5 వోల్టులు పంపి, ఆ తీగలో ఎన్ని నిలిచినవో చూచి, దానినిబట్టి వేడిమిని లెక్కకట్టును. అనగా కంప్యూటరు వేడిని ఎన్నడును చూచి యెరుగదు. తీగ తెచ్చిన వార్తనే అది యెరుగును. తీగ తెగిన యెడల వోల్టులు అట్లే నిలుచును గనుక, మండుటెండలో సయితము ఇంజను సున్నకు దిగువ 40 డిగ్రీల చలిలో నున్నదని అది తలంచి, అక్కరలేని పెట్రోలు పోయును. నల్లని పొగ వచ్చును. తీగ కారు ఇనుమును తాకిన యెడల వోల్టులు సున్నయగును. అప్పుడు చల్లని ఇంజనును సలసల కాగుచున్నదనును.

మేస్త్రి ఇంజనునుండి రేడియేటరుకు పోవు పై గొట్టముమీద చేతి థర్మామీటరు పెట్టి చూచెను. 90 డిగ్రీలకు అటు ఇటుగా నున్నది. ఇంజనులో దోషము లేదు. పిమ్మట తాళము త్రిప్పి, సెన్సారునుండి ప్లగ్గు ఊడదీసెను. ముల్లు కదలలేదు! సాక్షిని బోనులోనుండి దింపివేసినను సాక్ష్యము వినబడుచునే యున్నది. కొన్ని కార్లలో కంప్యూటరు తానే ఒక అంకె ఊహించుకొని ఫ్యానును ఆపకుండ త్రిప్పును గనుక, ముల్లునుగాక తీగనే అడుగవలెనని ఆయన మీటరుతో ప్లగ్గును పరీక్షించెను. 5 వోల్టులుండవలసిన చోట సున్న. తీగ తెగినను అక్కడ సున్నయే కనబడును; అయితే అప్పుడు ముల్లు చలి చెప్పవలెను, వేడి కాదు. తాళము తీసి, కంప్యూటరు వైపు ప్లగ్గును కూడ విప్పి, తీగకును కారు ఇనుమునకును మధ్య అడ్డు ఎంతయో కొలిచెను. దాదాపు ఏమియు లేదు. కంప్యూటరును నిర్దోషియే. ఇక తీగవెంట వ్రేళ్లతో తడుముకొనుచు పోయి, బ్యాటరీ క్రింది ఇనుప పట్టీయొద్ద ఆగెను. అచ్చట రాపిడికి తీగ పైతొడుగు అరిగి, లోపలి రాగి ఇనుమును తాకుచుండెను. దానికి జానెడు తొడుగు తొడిగెను. అంతే.

ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయమున, ఒక్క సాక్షి మాటమీద ఎవరిని దోషిగా ఎంచరాదనియు, విచారణ లోతుగా జరుగవలెననియు ఉన్నది. దానిమీద మేము అనేక పర్యాయములు ప్రసంగించియుంటిమి. అట్టి మేమే ఒక ముల్లు మాటమీద ఒక బిడ్డకు తీర్పు తీర్చితిమి.

మీటర్లను నమ్మక బండి తోలుకొని పోయిన ఇంజను మాడిపోదా అని చదువరులు అడుగవచ్చును. నిజమే, మాడిపోవును. ఆ దినమున బండి ఆపుటలో మేము తప్పలేదు. (కాగిన రేడియేటరు మూత మాత్రము వెంటనే తీయరాదు, లోపలి ఒత్తిడికి నీళ్లు ముఖమునకు చిమ్మును.) హెచ్చరికకు లోబడుట ఒకటి, దానినిబట్టి ఒకనిని దోషియనుట మరియొకటి. మొదటిదానికి అనుమానము చాలును. రెండవదానికి పరీక్ష కావలెను. మేము రెంటిని ఒకే గుక్కలో చేసితిమి.

మేస్త్రి మరియొక సంగతి చెప్పెను. నీళ్లన్నియు కారిపోయినప్పుడు సెన్సారుకు తాకుటకు నీరే యుండదు. అప్పుడు సెన్సారు మంచిదే, తీగ మంచిదే, అయినను ఇంజను మాడుచుండగా ముల్లు దిగువనే యుండవచ్చును. అబద్ధమాడని సాక్షియు తనను తాకినదానినే చెప్పగలడు. మా సంఘ తగవులలో ఎందరు మంచివారు ఇట్లు తమకు తాకని సంగతులనుగూర్చి నెమ్మదిగా సాక్ష్యమిచ్చిరో ఆ రాత్రి జ్ఞాపకము చేసికొంటిమి.

కారు యజమాని పట్టుకొనిన సొమ్ము మరునాడే తిరిగి ఇచ్చిరి. మేము అతని యింటికి పోయి, తల్లి యెదుట, తప్పు మాదని చెప్పితిమి. "పర్వాలేదండి అయ్యగారూ" అని అతడు తల వంచుకొనెను. అయితే నాటినుండి ఎప్పుడు ప్రయాణమైనను, మేము అడుగకమునుపే ముందు మూత తెరచి, "నీళ్లు చూడండి అయ్యగారూ" అని పిలుచుచున్నాడు. వద్దన్నను మానడు. మేము వెళ్లి చూచుచున్నాము.