మూడడుగులూ, రెండు లీటర్లూ

ఇంజిన్ సైజు అంటే సిలిండర్లలో పిస్టన్లు ఒక కొస నుంచి రెండో కొసకు కదిలినప్పుడు ఊడ్చే చోటు మొత్తం. దాన్ని సీసీల్లోనో లీటర్లలోనో చెబుతారు. 1,496 సీసీల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ వాటా 374 సీసీలు. 1,998 సీసీల ఇంజిన్‌లో అది దాదాపు అరలీటరు. చోటు పెరిగితే ప్రతి విడతకూ ఎక్కువ గాలి, దానికి తగ్గ పెట్రోలు లోపలికి పోతాయి, చక్రాన్ని తిప్పే బలం పెరుగుతుంది. యంత్రశాస్త్రం చెప్పేది ఇంతవరకే. ఆ బలంలో మనిషికి ఎంత చాలు అన్నది దానికి అందని ప్రశ్న. కోరికకు హద్దు ఎవరు గీయాలి, ఎప్పుడు గీయాలి, దేన్ని చూసి గీయాలి అని ఉపనిషత్తుల నాటి నుంచీ అడుగుతున్నదే సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనేవాడి ముందుకు రెండు అంకెల రూపంలో వచ్చి నిలబడుతుంది.

ఈ ప్రశ్నకు మాజ్దా ఎంఎక్స్-5 మంచి ఉదాహరణ. హిరోషిమాకు చెందిన ఈ కంపెనీ రెండు సీట్ల ఆ చిన్న కారును 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో చూపించింది. మొదటి తరంలో ముందు 1.6 లీటర్ల ఇంజిన్ వచ్చింది, బలం సుమారు 115 హార్స్‌పవర్. కారు బరువు సుమారు 950 కిలోలు. 1993లో సుమారు 130 హార్స్‌పవర్ ఇచ్చే 1.8 వచ్చింది. అప్పటి నుంచి యూరప్‌లో దాదాపు ప్రతి తరమూ చిన్న ఇంజిన్, పెద్ద ఇంజిన్ అని జంటగానే అమ్ముడుపోతూ వచ్చింది. 2015లో వచ్చిన నాలుగో తరంలో 1.5 లీటర్లకు 131, 2.0 లీటర్లకు 160 హార్స్‌పవర్. సున్నా నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి చిన్నదానికి ఎనిమిది సెకన్లు దాటుతుంది, పెద్దదానికి ఏడు దాటుతుంది. తేడా ఒక్క సెకను. కొనేవాళ్లు నెలల తరబడి తర్జనభర్జన పడేది ఆ ఒక్క సెకను గురించే.

ఆ సెకను దేనికన్నది మొదట తేలాలి. రెండు కార్లూ గంటకు 200 కిలోమీటర్లు దాటి పోగలవు. బ్రిటన్‌లో మోటార్‌వే మీద చట్టం ఒప్పుకునేది గంటకు 70 మైళ్లు, అంటే 112 కిలోమీటర్ల పైచిలుకు. కాబట్టి గరిష్ఠ వేగంలో ఈ రెండిటి మధ్య ఉన్న తేడా అంతా చట్టానికి అవతలే ఉంది. మిగిలింది పికప్. పెద్ద ఇంజిన్ పక్షాన చెప్పే వాదన అంతా దాని మీదే నిలుస్తుంది: రోజూ వాడకపోయినా అవసరం వచ్చినప్పుడు చేతిలో ఉంటుంది కదా అని. తీసిపారేయవలసిన వాదన కాదిది. లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఎదురుగా వచ్చే బండికీ తమకూ మధ్య దూరం తరుగుతున్న ఆ మూడు నాలుగు సెకన్లలో అదనపు బలం ప్రాణరక్షణే. అయితే ఆ బలం ఉందన్న ధీమాతోనే తొందరపడి రోడ్డు కుడిపక్కకు దిగేవాళ్లూ ఉంటారు. ఆపదలో ఆదుకునే నిల్వే ఆపదలోకి దింపే సాహసం కూడా కాగలదు.

బలం ఉండటానికీ, బలం పని చేయడానికీ మధ్య ఉన్న తేడాను పట్టుకుని తత్త్వం చెప్పినవాడు అరిస్టాటిల్. మొదటిదాన్ని డ్యునమిస్ అన్నాడు, రెండోదాన్ని ఎనర్గెయా. ఒలింపియాలో కిరీటం దక్కేది అందరిలోకీ అందగాడికో బలశాలికో కాదనీ, బరిలో దిగి పోటీ చేసినవారిలో గెలిచినవారికేననీ నీతిశాస్త్ర గ్రంథంలో గుర్తుచేశాడు. మేలు అనేది ఉనికిలో కంటే ఆచరణలో ఉందని అతని భావం. ఈ కొలతతో చూస్తే 1.5 లీటర్ల ఎంఎక్స్-5కు ఒక విశేషముంది. దాని పూర్తి బలం 7,000 ఆర్‌పీఎం దగ్గర గానీ బయటపడదు. అక్కడిదాకా తీసుకెళ్లాలంటే గేరు ఎప్పుడు మార్చాలో, మలుపులోకి ఎంత వేగంతో పోవాలో డ్రైవర్‌కు తెలిసి ఉండాలి. రెండో గేరును చివరిదాకా లాగినా వేగం గంటకు 100 కిలోమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. అంటే చట్టాన్ని పెద్దగా మీరకుండానే ఇంజిన్ మొత్తాన్నీ పనిలో పెట్టవచ్చు. రెండు లీటర్ల ఇంజిన్ కిందిస్థాయి ఆర్‌పీఎంలోనే గట్టిగా లాగుతుంది. పని సులువవుతుంది, ఆ మేరకు డ్రైవర్ చేయవలసింది తగ్గుతుంది. స్పోర్ట్స్ కారును నడపడం కోసమే కొనేవారికి ఈ రెండోది లాభమా నష్టమా అన్నది తేలిగ్గా తేలేది కాదు. నడిపే పనిలోనే ఆనందం ఉందనుకునేవారికి మాత్రం అది నష్టమే.

మాజ్దా ఇంజనీర్లు ఈ కారు గురించి చెప్పుకునే మాట ‘జిన్బా ఇట్టాయ్’: రౌతూ గుర్రమూ ఒకే ఒడలు కావడం. తెలుగు పాఠకుడికి ఇక్కడ కఠోపనిషత్తు గుర్తుకు రాక తప్పదు. అందులో శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు. ఇంజిన్ బలాన్ని నేటికీ గుర్రాల లెక్కలోనే చెప్పుకుంటున్నాం గనుక ఈ పోలిక ఎక్కడి నుంచో అరువు తెచ్చుకున్నట్టు ఉండదు. ఉపనిషత్తు గుర్రాల సంఖ్యను లెక్కపెట్టలేదు. పగ్గం బిగువుగా ఉందా, సారథి మేలుకుని ఉన్నాడా అన్నదే అడిగింది. 131 గుర్రాలను సంబాళించలేని చేయి 160తో గమ్యం చేరదు. సంబాళించగల చేతికి ఆ పైన ఉన్న 29 గుర్రాలు అవసరమా అన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్న దగ్గరే కోరిక స్వభావం బయటపడుతుంది. 2018లో మాజ్దా రెండు లీటర్ల ఇంజిన్‌కు మార్పులు చేసి బలాన్ని 184 హార్స్‌పవర్‌కు పెంచింది. ఆర్‌పీఎం హద్దు 6,800 నుంచి 7,500కు చేరింది. అంతకు ముందు రోజు దాకా 160 హార్స్‌పవర్ కారు ‘పెద్దది’. మర్నాటికి అది ‘పాత, తక్కువ బలం ఉన్న రెండు లీటర్లది’ అయింది. గ్యారేజీలో ఉన్న కారులో ఒక్క బోల్టు కూడా కదలలేదు. మారింది పక్కన నిలబెట్టి చూసే వస్తువు. పెద్ద ఇంజిన్ కొంటే ఇక వెలితి ఉండదనే నమ్మకం ఎంత బలహీనమైనదో దీన్ని మించి చూపే ఉదాహరణ అక్కరలేదు. ఆ నమ్మకం వస్తువులో లేనిదాన్ని వస్తువు నుంచి ఆశిస్తుంది.

భారతంలో యయాతి కథ ఇదే. శుక్రుడి శాపంతో ముసలితనం పైబడిన రాజు కొడుకు పూరుడి యౌవనాన్ని అడిగి తీసుకుని వెయ్యేళ్లు భోగించాడు. చివరికి భోగంతో కోరిక చల్లారదనీ, నెయ్యి పోసిన మంటలా పెరుగుతుందనీ గ్రహించి యౌవనాన్ని తిరిగి ఇచ్చేశాడు. 1971లో బ్రిక్‌మన్, క్యాంబెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు సుఖాన్ని నిలిచినచోటే నడిపించే ట్రెడ్‌మిల్‌తో పోల్చారు. కొత్త సుఖానికి మనిషి త్వరగా అలవాటుపడి మళ్లీ మొదటి మెట్టు మీదే ఉంటాడని వారి వాదన. రెండింటికీ మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. మనస్తత్వ శాస్త్రం అలవాటును వర్ణించి ఊరుకుంటుంది. యయాతి మాత్రం తెలుసుకున్నాక తిరిగి ఇచ్చాడు. ‘చిన్నది కొంటే రేపు పెద్దది కొనాల్సి వస్తుంది, ఇప్పుడే పెద్దది తీసుకుంటే గొడవ ఉండదు’ అనే సలహా తెలివైనదిగా వినిపిస్తుంది గానీ, కోరిక ఒకచోట ఆగుతుందని ముందే అనుకుంటుంది. యయాతికి వెయ్యేళ్ల తరవాత తెలిసింది ఆ అనుకోలులోని పొరపాటే.

హద్దు బయటి నుంచి రాకపోతే లోపలి నుంచి రావాలి. ఈ విషయంలో జైనధర్మం గృహస్థుకు చెప్పిన మార్గం చాలా ఆచరణయోగ్యం. సన్యాసికి అపరిగ్రహం, అంటే ఏదీ కూడబెట్టకపోవడం. గృహస్థుకు పరిగ్రహ పరిమాణం: తనకు ఎంత ఉండాలో తానే లెక్క కట్టుకుని, దాన్ని దాటనని వ్రతం పట్టడం. దీన్నే ఇచ్ఛా పరిమాణమనీ అంటారు, కోరికకే కొలత పెట్టడమన్నమాట. ఉపాసకదశాంగ సూత్రంలో ఆనందుడనే ధనిక గృహస్థు మహావీరుడి ఎదుట వ్రతం తీసుకుంటూ ధనానికీ పశువులకే కాక బండ్లకూ పడవలకూ కూడా లెక్క పెట్టుకుంటాడు. ఇందులో గమనించవలసింది వ్రతం పట్టే సమయం. హద్దు వస్తువు కళ్లపడక ముందే గీయాలి. రెండు లీటర్ల కారు తాళం చేతికి వచ్చి, ఒక చుట్టు తిరిగి వచ్చాక గీసే హద్దు హద్దు కాదు, సమర్థన.

హద్దు గీసుకోవడం లేమికి తలవంచడమేనన్న అనుమానానికి వామన కథలో జవాబుంది. భాగవతం అష్టమ స్కంధంలో బలిచక్రవర్తి ఏది కావాలన్నా అడగమంటే వామనుడు మూడడుగుల నేల అడుగుతాడు. బలి ఇంకా కోరుకోమంటే, మూడడుగులతో తృప్తి లేనివాడికి ద్వీపాలు ఇచ్చినా తృప్తి ఉండదని జవాబిస్తాడు. తెలుగువారు పోతన చేతుల మీదుగా తరతరాలుగా విన్న ఘట్టం ఇది. సాధారణంగా ఇక్కడితో ఆపి దీన్ని తృప్తికి పాఠంగా చెబుతారు. కథ అక్కడ ఆగదు. రెండడుగులకే లోకాలన్నీ చాలక, మూడో అడుగుకు చోటే మిగలలేదు. మూడడుగులు చిన్న కొలత కాదు. అడుగు ఎంతన్నది కొలిచే పాదాన్ని బట్టి ఉంటుంది. ఇంజిన్ బలం కూడా ఒంటరి అంకె కాదు. మోయవలసిన బరువు, తోలే చేయి, తిరిగే దారి కలిస్తేనే అది ఎంతో తెలుస్తుంది. వెయ్యి కిలోల లోపు బరువున్న కారులో 1.5 లీటర్లు చేసే పని, పదహారు వందల కిలోల కారులో రెండు లీటర్లు కూడా చేయలేకపోవచ్చు. జపాన్‌లో నాలుగో తరం ఎంఎక్స్-5 గుడ్డ టాప్ కారును చాలాకాలం 1.5 ఇంజిన్‌తోనే అమ్మారు. అక్కడ వాహన పన్ను సీసీలను బట్టి మెట్లుగా పెరుగుతుంది, 1,500 దగ్గర ఒక మెట్టు ఉంది.

ఇంత మాట్లాడాక ఒక అభ్యంతరం తప్పదు. రెండు సీట్ల స్పోర్ట్స్ కారే అవసరం లేని వస్తువైతే, అందులో చిన్నదా పెద్దదా అన్న వివేకానికి విలువేముంది? కఠోపనిషత్తులో యముడు ఇస్తానన్న రథాలను నచికేతుడు వద్దన్నాడే గాని వాటిలో చిన్నదాన్ని ఏరుకోలేదు. ఎపిక్యూరస్ లెక్కలో కూడా ఇది సహజమే అయినా అవసరం కాని కోరికల కోవలోకి వస్తుంది. మహా అయితే అంత, సహజం కూడా కాదనేవారూ ఉంటారు. అభ్యంతరం న్యాయమైనదే. కానీ నచికేతుడి మార్గం శ్రేయస్సు తప్ప మరేదీ అక్కర్లేదనుకున్నవాడిది. గృహస్థ ధర్మం ప్రేయస్సును, అంటే ఇష్టమైనదాన్ని, పూర్తిగా నిషేధించలేదు, దానికి గట్టు కట్టమంది. గట్టు కట్టడంలో ఒక అడుగు ముందూ వెనకా ఎక్కడ అన్నది చిన్న విషయం కాదు. పెద్ద త్యాగాలు చేయలేని మనిషి చేయగలిగే త్యాగం అక్కడే ఉంటుంది.

చిన్నది ఎంచుకోవడమే ఎప్పుడూ ధర్మమని కూడా దీనర్థం కాదు. టర్బో లేని ఇంజిన్ ఎత్తు ప్రదేశాల్లో గాలి పలచబడటంతో బలం కోల్పోతుంది, ప్రతి వెయ్యి మీటర్లకు దాదాపు పదో వంతు. సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్న డెన్వర్‌లో 160 హార్స్‌పవర్ ఇంజిన్ చేసే పని సముద్రమట్టం దగ్గర 135 చేసే పనికి కాస్త అటూ ఇటూ. రోజూ ఇద్దరు మనుషులు, సామాను, పొడవైన హైవే ఉన్నవారికి మాటిమాటికీ గేరు మార్చనక్కరలేని ఇంజిన్ సౌఖ్యం, కొంతవరకు భద్రత కూడా. వారు పెద్దదాన్ని కొంటే అది ఆశ కాదు, ప్రయోజనం. అమెరికాలో నాలుగో తరం ఎంఎక్స్-5 రెండు లీటర్లతోనే అమ్మారు కాబట్టి అక్కడి కొనుగోలుదారుకు ఈ ఎంపికే లేదు. పాత మొదటి తరంలో 1.6, 1.8ల మధ్య మాత్రం ఉంది.

పాత కారులో మరో తాత్త్విక చిక్కు ఉంది. సీసీలు దానికి పుట్టుకతో వచ్చినవి. దాని నేటి స్థితి ఇరవై ముప్ఫై ఏళ్లుగా దాన్ని వాడినవారు చేసిన పనుల ఫలం. ఆయిల్ సమయానికి మార్చారా, చలిదేశాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు కిందిభాగంలో పేరుకోకుండా కడిగారా అన్నవి అందులో దాగి ఉంటాయి. ఈ కార్లలో తలుపుల కింద ఉండే సిల్స్ తుప్పు పట్టడం ప్రసిద్ధం. చేయని పనికి ఫలం అనుభవించడాన్ని భారతీయ దార్శనికులు అకృతాభ్యాగమ దోషమన్నారు. కర్మ సిద్ధాంతం దాన్ని ఒప్పుకోదు. సెకండ్ హ్యాండ్ బేరం సరిగ్గా ఆ దోషం మీదే నడుస్తుంది: నిర్లక్ష్యం ఒకరిది, ఖర్చు మరొకరిది. దాన్ని అన్నిటికంటే ఎక్కువగా సరిదిద్దగలిగేది అమ్మేవాడి నోటి మాట. ఇంట్లో లోపాలు తెలిసి అమ్మేవాడు కొనేవాడికి చెప్పి తీరాలా అని సిసెరో తన కర్తవ్యాల గ్రంథం మూడో భాగంలో ఇద్దరు స్టోయిక్ తాత్త్వికుల వాదాలను ఎదురెదురుగా పెట్టాడు. చట్టం అడిగినంత చెబితే చాలని డయోజనీస్, తెలిసినదంతా చెప్పాలని యాంటిపేటర్. సిసెరో తీర్పు యాంటిపేటర్ వైపే.

అలా చెప్పవలసిన లోపం ఒకటి ఎంఎక్స్-5లోనే ఉంది. 1.6 ఇంజిన్‌తో మొదటి రెండేళ్లలో తయారైన కార్లలో క్రాంక్‌షాఫ్ట్ ముందుకొస పొట్టిగా ఉంటుంది. అక్కడ పుల్లీని పట్టి ఉంచే కీ, దాని గాడి అరిగిపోతే పుల్లీ ఊగులాడుతుంది, ఇంజిన్ టైమింగ్ తప్పుతుంది, బాగుచేయించడం ఖరీదైన పని. ఆ పుల్లీకి నాలుగు గాళ్లుంటే పాత క్రాంక్, ఎనిమిదుంటే 1991 మధ్యలో మార్చిన కొత్తది. బానెట్ ఎత్తి ఒక టార్చిలైటు వేస్తే కనబడుతుంది. తృప్తి కోసం చిన్న ఇంజిన్ ఎంచుకున్నవారు కూడా ఆ గాళ్లు లెక్కపెట్టాలి. అమ్మేవారికి అవి నాలుగని తెలిసి ఉంటే, అడగకముందే చెప్పాలి.