ఓపీ రిజిస్టరులో ఉన్న పరిశోధన

అమ్మా,

పీహెచ్‌సీలో చేరినప్పటి నుంచీ నీది ఒకటే దిగులు. తోటివాళ్లు పెద్దాసుపత్రుల్లో పీజీలు చేస్తూ పేపర్లు రాస్తున్నారు, నేనిక్కడ దగ్గులకూ జ్వరాలకూ చీటీలు రాస్తూ కూర్చున్నానని. పెద్దవాణ్ణి, ఒక మాట చెబుతాను విను.

ఇంగ్లండులో యార్క్‌షైర్ లోయల్లో ఐస్‌గార్త్ అనే పల్లె ఉంది. అక్కడి డాక్టరు విలియం పికిల్స్. 1929లో ఆ చుట్టుపక్కల కామెర్లు ప్రబలాయి. ఒక అమ్మాయిని పొద్దున మంచంలో చూసి, ఇవాళ ఈ పిల్ల లేవదు అనుకున్నాడు. ఆ పిల్ల అదే రోజు ఊరి వేడుకకు వెళ్లింది. ఆ తర్వాత ఎవరెవరికి కామెర్లు వచ్చాయో, వాళ్లు ఆమెను ఎప్పుడు కలిశారో ఆరా తీసి తేదీలు పక్కపక్కన పెట్టి చూశాడు. అలాంటి లెక్కలతోనే, జబ్బు అంటుకున్నాక 26 నుంచి 35 రోజుల్లో బయటపడుతుందని తేల్చాడు. వైరస్ ఏదో అప్పటికి ఎవరికీ తెలియదు. ఆయన దగ్గరున్నవి కాగితం, తేదీలు, ఊళ్లో ఎవరికి ఎవరు ఏమవుతారన్న ఎరుక. ఆ ఎరుక పట్నంలోని ప్రొఫెసరుకు దొరకదు. నీకు మీ ఆశా కార్యకర్తను అడిగితే నిమిషంలో దొరుకుతుంది.

బర్న్‌లీ అనే మిల్లుల ఊళ్లో ప్రాక్టీసు చేసిన జేమ్స్ మెకంజీ కూడా మనలాంటి డాక్టరే. నాడి తడబడేవాళ్లను ఏళ్ల తరబడి చూసి, వాళ్లలో చాలామందికి ఆ తడబాటు వల్ల ముప్పేమీ లేదని తెలుసుకున్నాడు. ఒకే మనిషిని అన్నేళ్లు చూడబట్టే అది సాధ్యమైంది. పెద్దాసుపత్రిలో రోగి వారం ఉండి వెళ్లిపోతాడు. నీ దగ్గరికి ఆయనా వస్తాడు, ఆయన మనవడూ వస్తాడు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఎదురుగా కూర్చున్న మనిషి కేసు కాకూడదు. పేపరు కోసం ఒక్క చుక్క రక్తం అదనంగా తీయాల్సి వచ్చినా ఎథిక్స్ కమిటీ అనుమతీ ఉండాలి, ఆ మనిషి ఇష్టమూ ఉండాలి. కాగితం మీద వేలిముద్ర పడినంత మాత్రాన ఇష్టపడినట్టు కాదు. అర్థమయ్యేలా చెప్పు. వద్దంటే అదే మందు అదే ఆదరంతో ఇవ్వు. పేర్లు నీ రిజిస్టరు దాటి బయటికి పోనివ్వకు.

వేల్స్‌లోని గ్లింకొరుగ్ అనే బొగ్గుగని ఊళ్లో జూలియన్ ట్యూడర్ హార్ట్ తన పరిధిలోని పెద్దలందరికీ బీపీ చూడడం మొదలుపెట్టాడు. ఎక్కువున్నవాళ్లను వదలకుండా ఏళ్ల తరబడి వైద్యం చేశాడు. అందులో పరిశోధన ఏది, వైద్యం ఏది అని విడదీయలేవు. నాకు ఆయన దారే అన్నిటికన్నా నచ్చుతుంది, నీకూ అదే తగినది.

రేపటి నుంచే మొదలుపెట్టు తల్లీ. దగ్గుకని వచ్చినా, కాలినొప్పికని వచ్చినా 30 దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ చూసి, తేదీ వేసి రాయి. నెల తిరిగేసరికి బీపీ మాత్రలకు రానివాళ్ల పేర్లు వేరే తీసిపెట్టు. ఏఎన్ఎంను వెంటబెట్టుకుని వాళ్ల ఇళ్లకు వెళ్లు. బస్సు లేక రాలేదా, ఒంట్లో బాగుందని మానేశారా, మాత్ర పడక కళ్లు తిరిగాయా, కోప్పడకుండా అడుగు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకో, వాళ్లకు పడే మాత్రలు మళ్లీ అందేదాకా వదలకు.