పదకొండు నెలల కాపురం

ఇంటి ఓనరుతో తగాదా అనగానే వినేవాళ్లకు నవ్వొస్తుంది. ఆ తగాదాల సరుకే అలాంటిది మరి. మోటారు ఎంతసేపు వేయాలి, గోడకు మేకు కొట్టొచ్చా, చుట్టాలొచ్చి వారం రోజులుంటే నీళ్ల ట్యాంకరు ఖర్చు ఎవరిది, రాత్రి పదింటికి వేసిన గేటు తాళం మళ్లీ ఎవరు తీయాలి. ఇద్దరూ బయట పెద్దమనుషులుగా చెలామణి అయ్యేవాళ్లే. మెట్ల మీద ఎదురుపడితే మాత్రం చెప్పులు ఎక్కడ విడిచారన్న దగ్గర మాటా మాటా పెరుగుతుంది. దీనికి లోకం చెప్పే కారణం ఒక్కటే: ఆ ఓనరు మంచివాడు కాదు. ఓనరు చెప్పుకునేటప్పుడు మంచివాళ్లు కానిది అద్దెకున్నవాళ్లు. స్వభావాల సంగతి నేను కాదనను. పీడించడానికే పుట్టినట్టుండే ఓనర్లూ ఉన్నారు. కానీ ఊరు మారినా, తరం మారినా ఇవే తగాదాలు ఇదే వరసలో వస్తుంటే తప్పంతా స్వభావాల మీదికి తోసేయడం కుదరదు. తప్పు కాలం లెక్కలో ఉందని నా అభిప్రాయం. ఏళ్ల తరబడి సాగే బంధాన్ని నెలల బంధమని ఇద్దరూ కలిసి కాగితం మీద రాసుకుంటారు. ఏళ్ల గురించి మాట్లాడుకోవలసినవేవీ ఇక మాట్లాడుకోరు. అలా దాటేసినవే మోటారు పేరుతో, మేకు పేరుతో బయటికొస్తాయి.

ఆ కాగితం పదకొండు నెలలది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షను ప్రకారం ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావాలి. ఆ ఖర్చూ, ఆఫీసు చుట్టూ తిరుగుడూ తప్పించుకోవడానికి ఒక నెల తగ్గించి రాసుకోవడం దేశమంతా అలవాటైపోయింది. ఒకసారి రాసుకున్న కాగితాన్ని చాలా ఇళ్లలో మళ్లీ ఎవరూ తెరవరు. గడువు దాటినా ఓనరు అద్దె తీసుకుంటూనే ఉంటే అది నెలనెలా సాగే అద్దె కిందికి వస్తుంది. వేరే ఒప్పందం లేకపోతే దాన్ని ముగించడానికి 106వ సెక్షను అడిగేది పదిహేను రోజుల నోటీసు. పిల్ల ఒకటో తరగతిలో ఉండగా దిగి, పదో తరగతి పరీక్షల దాకా అక్కడే ఉన్న కుటుంబానికైనా అంతే వ్యవధి. ఎప్పుడూ ఇలాగే లేదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం కింద ఖాళీ చేయించాలంటే కారణం చూపించాలి: అద్దె బకాయి పడటం, అనుమతి లేకుండా ఇంకొకరికి అద్దెకివ్వడం, ఓనరుకే ఇల్లు నిజంగా అవసరం కావడం, అలాంటివి. కాలక్రమంలో ఆ చట్టానికి మినహాయింపులు పెరిగాయి. కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలు దాని కిందికి రావు. హైదరాబాదులో ఇవాళ ఆ డబ్బుకు ఒక్క గది దొరికితే గొప్ప.

దీని ఫలితం చూడాలంటే బాత్రూము గోడకు పట్టిన చెమ్మను చూస్తే చాలు. పదకొండు నెలలుండే మనిషికి ఆ గోడ మీద ఒక పూత పూస్తే సరిపోతుంది. పదేళ్లుండే మనిషికి గోడ పగలగొట్టి లోపలి పైపు మార్చాలి. ఇవాళో రేపో పోయేవాళ్ల కోసం అంత ఖర్చు దేనికని ఓనరు లెక్క. నాది కాని గోడకు నేనెందుకు పెట్టాలని అద్దెకున్నవాళ్ల లెక్క. కాగితం మాట నమ్మితే రెండు లెక్కలూ సరైనవే. ఓనరు చేయవలసిన మరమ్మతు చెప్పినా చేయకపోతే అద్దెకున్నవాళ్లే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చని 108వ సెక్షను అంటుంది. కానీ ఏది చేయవలసిన మరమ్మతో తేల్చాల్సిన కాగితం ఆ ఊసే ఎత్తదు. చెమ్మ పెరుగుతుంది. పెచ్చులు రాలడం మొదలయ్యాక గొడవ పైపు గురించి కాదు, "మీరు నీళ్లు మరీ ఎక్కువ పోస్తున్నారు" అన్నదాని గురించి. అద్దె పెంపుదీ అదే కథ. మూడేళ్లు మొహమాటపడి ఊరుకున్న ఓనరు నాలుగో ఏడు ఒక్కసారిగా అడుగుతాడు. అది పాత బకాయి అని అతని మనసులో ఉంటుంది, దౌర్జన్యమని వీళ్ల మనసులో ఉంటుంది.

ఓనరు పక్షాన చెప్పే మాట ఒకటుంది: ఎక్కువ ఏళ్లకు రాసిస్తే ఇల్లు చెయ్యి జారిపోతుంది. పన్నెండేళ్లుంటే ఇల్లు వాళ్లదే అన్న భయం ఊరూరా ఉంది. ఇది వట్టి అపోహ. పన్నెండేళ్ల లెక్క యజమానికి వ్యతిరేకంగా ఆక్రమించుకున్నవాడిది. అనుమతితో అద్దెకు దిగినవాడిది కాదు. పైగా అద్దెకు దిగినవాడు ఆ ఇంట్లో ఉన్నంతకాలం ఓనరు హక్కును కాదనడానికి సాక్ష్య చట్టమే ఒప్పుకోదు. ఆ లెక్కన పదేళ్లకు నిజాయితీగా రాసుకున్న కాగితమే ఓనరుకు మంచి రక్ష. అపోహ కానిది కోర్టు భయం. ఖాళీ చేయించే కేసు ఏళ్లు పడుతుంది. ఇల్లు కట్టి చూడమన్న సామెతలో కష్టమంతా పడి, ఆ అద్దెతోనే ముసలితనం వెళ్లదీసే ఓనరుకు అది చిన్న విషయం కాదు. 2011 జనగణనలో దేశంలోని పట్టణాల్లో కోటీ పదకొండు లక్షల ఇళ్లు ఖాళీగా తేలడం వెనక ఉన్న కారణాల్లో ఈ భయమూ ఒకటని నేననుకుంటాను. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ భయాన్ని పట్టించుకుంది: గడువు తీరినా ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు, తర్వాత నాలుగు రెట్ల అద్దె. అటువైపు నివాసాల అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదంది, లోపలికి రావాలంటే ఓనరు ఒక రోజు ముందు చెప్పాలంది. అయితే అది నమూనా, తెచ్చుకోవలసింది రాష్ట్రాలు.

అద్దెకున్నవాళ్లే ఎప్పుడైనా వెళ్లిపోయే వెసులుబాటు కోరుకుంటారు, వాళ్లను ఏళ్లకు కట్టేయడం దేనికి అన్నది ఇంకో అభ్యంతరం. వెసులుబాటు ఇద్దరికీ ఒకే కొలతలో ఉండాలని ఎవరన్నారు? మనవాళ్లు చదువుకోవడానికి వెళ్తున్న జర్మనీలో అద్దెకున్నవాళ్లు మామూలుగా మూడు నెలల నోటీసుతో వెళ్లిపోవచ్చు. ఓనరు మాత్రం కారణం చూపించాలి. అయిదేళ్లు దాటితే ఆరు నెలలు, ఎనిమిదేళ్లు దాటితే తొమ్మిది నెలల ముందు చెప్పాలి. గడిచిన ఏళ్లకు అక్కడ చట్టంలో విలువుంది. అది జర్మనీ కదా అంటే, మన కౌటిల్యుడు పొమ్మన్నా పోని అద్దెవాడికీ, అద్దె కట్టినవాణ్ని గెంటేసిన ఓనరుకూ ఒకే జరిమానా రాశాడు, పన్నెండు పణాలు. తక్కెడ రెండు పళ్లాలూ సమంగా పట్టుకున్నాడు ఆయన.

మన దగ్గర గడిచిన ఏళ్లు ఒకే ఒక్కసారి లెక్కలోకి వస్తాయి. ఖాళీ చేసే రోజున, అడ్వాన్సు తిరిగిచ్చేటప్పుడు. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు అద్దెకున్నవాళ్లు బాధ్యులు కారని అదే 108వ సెక్షను చెబుతోంది. ఏళ్లు ఎక్కువైనకొద్దీ ఆ అరుగుదలా ఎక్కువే ఉంటుంది. అయినా సున్నాలు, రంగులు, వంటింటి గట్టు మీద గీతలు అన్నీ చూసి ఓనరు ఒక నెల అద్దె పట్టుకుంటాడు. ఎందుకని అడిగితే, కాగితం మీద ఏనాడూ ఒప్పుకోని మాట అప్పుడు అతని నోటి నుంచే వస్తుంది: "పదేళ్లున్నారు కదండీ."