తీరమును దర్శించువాని ఋణము

స్కాట్లండు దేశపు తూర్పు తీరమున, ఫోర్త్ అఖాతమునకు ఉత్తరపు గట్టున, క్రెయిల్, ఆన్‌స్ట్రథర్, పిట్టెన్‌వీమ్ అను చిన్న రేవు పట్టణములు చేరువ చేరువగా నున్నవి. ఎఱ్ఱపెంకుల యిండ్లు, రాతికట్టల రేవులు, సమీపముననే ఇసుక తిన్నెలు. వేసవిలో వీనిని చూచుటకు దూరదేశముల నుండియు జనులు వచ్చుచుందురు. చూచి ఆనందించుటలో దోషము లేదు. కాని ఒక ప్రశ్న మిగులుచున్నది. ఒకరు చెమటోడ్చిన నేల మరియొకరికి విహారస్థల మైనప్పుడు, చూడవచ్చినవాడు ఆ నేలకు ఏమైనను ఋణపడునా?

అఖాతమునకు దక్షిణముగా, ఇంగ్లండు సరిహద్దునకు దగ్గరగా ఐమౌత్ అను రేవు కలదు. 1881 అక్టోబరు 14వ తేదీ ఉదయమున అచట సముద్రము ప్రశాంతముగా నుండెను. వాయుభారమాపకము మాత్రము అపాయమును సూచించుచుండెను. అయినను, అంతకుముందు తుపాను దినములలో వేటలేక ఇంట కూర్చుండిన జాలరులు పడవలను కడలిలోనికి నడపిరి. మధ్యాహ్నమునకు ప్రచండమైన గాలి లేచెను. ఆ తీరమున మొత్తము 189 మంది మరణించిరి. వారిలో 129 మంది ఐమౌత్ వారే. కొన్ని పడవలు రేవు ముఖద్వారమున రాళ్లకు తగిలి, గట్టున నిలిచిన భార్యాబిడ్డల కన్నుల యెదుటనే పగిలిపోయెను. కడలివైపు చూచుచు నిలిచిన ఆ స్త్రీల, పిల్లల కంచు ప్రతిమలను 2016లో ఆ తీరమున నెలకొల్పిరి.

“రెండు దినములు సేదదీర వచ్చినవాడు ఊరివారి శోకమునంతటిని మోయవలెనా?” అని యెవరైన అడుగవచ్చును. అది న్యాయమైన ఆక్షేపణయే. ఆ ఊరి పిల్లలును అదే ఇసుకలో ఆడుకొందురు. యాత్రికుల సొమ్ము అనేక కుటుంబములకు జీవనాధారము. కావున ఆనందమును మానుకొనుట ఋణము తీర్చుట కాజాలదు.

మన భాషలో తీరమునకును తీర్థమునకును చుట్టరికము కలదు. తీర్థమునకు పోయినవాడు స్నానముతో తృప్తి చెందడు. స్థలపురాణమును విని మరి వచ్చును. ప్రతి తీరమునకు నొక స్థలపురాణ ముండును. దానిని వినుట మొదటి ఋణము. ఆన్‌స్ట్రథర్‌లో 1969లో మత్స్యపరిశ్రమ ప్రదర్శనశాలను తెఱచిరి. 1902లో నిర్మించిన ‘రీపర్’ అను హెర్రింగు వేట పడవ ఆ సంస్థకు చెందినదే. ఒకనాటి జీవనోపాధి నేడు అచట ప్రదర్శనవస్తువైనది. పొరుగుననున్న పిట్టెన్‌వీమ్‌లో మాత్రము నేటికిని పడవలు వేటకు పోవుచున్నవి. అచట వల బాగుచేసికొనువానిని చిత్రమువలె చూడక, పనిలో నున్న మనుష్యునిగా చూచుట రెండవ ఋణము.

స్కాట్లండు చట్టమును ఈ భావమునకు దూరము కాదు. 2003 నాటి భూసంస్కరణ చట్టము తీరములందును, కొండలయందును, చాలవరకు ఇతరుల భూములందును సంచరించు హక్కును ఎల్లరకు నొసగినది. కాని బాధ్యతతో మెలగువానికే ఆ హక్కు. ఇతరుల ప్రయోజనములను గౌరవింపవలెను, ప్రకృతిని కాపాడవలెను, తన చేతలకు తానే బాధ్యుడు కావలెను. హక్కును బాధ్యతను ఒక్క త్రాటనే కట్టిన చట్టమిది.

చట్టము పూర్తిగా చక్కదిద్దలేని చిక్కొకటి కలదు. సముద్రము నచ్చి ఇల్లు కొనినవారు వేసవిలో వచ్చి, శీతకాలమున తలుపులు మూసి పోవుదురు. అట్టి యిండ్లు పెరిగిన వీధిలో దీపము వెలుగదు. బడికి పిల్లలు తగ్గుదురు. ఊరి యువకునకు ఇల్లు దొరకుట దుర్లభమగును. ఇట్టి రెండవ యిండ్లపై స్థానిక పన్నును రెట్టింపు వఱకు పెంచు అధికారమును 2024 ఏప్రిల్ నుండి అచటి స్థానిక పాలకమండలులకు ఇచ్చిరి. పన్ను సొమ్మును తేగలదు. మూసిన ఇంట పొయ్యి రాజేయలేదు.

పరభాషా ప్రాంతములలో తరతరములుగా కాపురమున్న మనకు ఈ భేదము విశదమే. మన పెద్దలు ఆయా నేలల కరవులను, వరదలను అచటివారితో కలిసి అనుభవించిరి. వారి పండుగలలోను, చావులలోను పాలుపంచుకొనిరి. అందుచేతనే ఆ ఊళ్లు మనవి అయినవి. రెండు దినముల యాత్రికుని అంత అడుగ నక్కరలేదు. ఊరి కథను చెవియొగ్గి విని, అచటి అంగడిలో నాలుగు వస్తువులు కొని, ఆ యిసుకను తాను వచ్చినప్పటి శుభ్రతతోనే విడిచి వచ్చినచో, అతడు తన పాలి ఋణమును తీర్చినవాడే యగును.