ఈ బియ్యం ఎవరివి?

మొగుళ్ల హింస తట్టుకోలేక బయటికొచ్చిన ఆడవాళ్ల కోసం మా ఊళ్లో ఒక చిన్న వసతి నడుపుతున్నాం. రెండు గదులు, ఒక వరండా. అద్దె, కరెంటు బిల్లు, వాయిదా రోజున బస్సు ఛార్జీలు, పిల్లల పాలు... అన్నీ చందాల మీదే. నెలకి రెండు బస్తాల బియ్యం ఒక రైస్ మిల్లు యజమాని పంపేవాడు. అడక్కుండానే, నాలుగేళ్లపాటు. ఆయన్ని మేమంతా అన్నగారూ అనే పిలిచేవాళ్లం.

ఒక రాత్రి ఆయన తమ్ముడి భార్య వచ్చింది. చెంప వాచి ఉంది. చంకలో పిల్ల. తెల్లారగానే ఆయన ఫోన్. గొంతులో కోపం లేదు. "రెండ్రోజులుంచుకుని, నచ్చజెప్పి పంపించండమ్మా. ఇంటి విషయం. మీరేం పరాయివాళ్లా?" అన్నాడు. మేం పంపలేదు. ఆ నెల బియ్యం రాలేదు.

ఇంతటితో ఆగితే ఇదొక చెడ్డ దాత కథ. నలుగురికీ చెప్పుకుని తృప్తిపడి ఉండేవాళ్లం. కానీ ఒక సాయంత్రం డబ్బా అడుగున బియ్యం గీకుతూ "ఈ నెల ఎట్లా గడుస్తుందో" అని నేను పైకే అన్నాను. ఆమె గుమ్మంలోనే ఉంది. మూడోనాడు బట్టలు సర్దుకుంది. "నా ఒక్కదాని కోసం వీళ్లందరి నోటికాడ కూడు పోతోందక్కా" అంది. ఎంత ఆపినా ఆగలేదు. ఆమెని పంపించింది ఎవరు? ఆయనా, నేనా?

దానం అనే మాటలో దాతకి పుణ్యముంది, పేరుంది. పుచ్చుకున్నవాళ్లకి మిగిలేది విశ్వాసంగా పడి ఉండటమే. ఉప్పు తిన్న విశ్వాసం అంటాం చూడండి, అది. ఆమె పుట్టింట్లో తండ్రి ఉప్పు తింది, అత్తింట్లో మొగుడి ఉప్పు. అన్నీ వదిలి మా దగ్గరికొస్తే ఇక్కడా బావగారి బియ్యమే. ఇంక ఆమె బయటపడిందని ఎట్లా అనుకోవాలి?

2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన గృహహింస చట్టాన్ని మళ్లీ తీసి చదివాను. బాధితురాలికి ఆ ఇంట్లోనే ఉండే హక్కుందని 17వ సెక్షన్ చెబుతుంది. హింసించిన మగవాణ్ణి ఇల్లు వదిలి వెళ్లమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చని 19వ సెక్షన్ అంటుంది. అంటే బయటికి పోవాల్సింది ఆమె కాదు, అతను. ఆచరణలో అర్ధరాత్రి రోడ్డున పడేది మాత్రం పిల్లనెత్తుకున్న మనిషే. అలాంటప్పుడు మా వసతి ఖర్చు నిజానికి ఎవరి ఖర్చు? కొట్టినవాడు తన ఇంట్లో తాను కదలకుండా కూర్చోడానికి అయ్యే ఖర్చు. దాన్ని ఊరంతా చందాలేసుకుని అతని తరఫున కడుతోంది. ఇలా చూస్తే మిల్లు నుంచి వచ్చిన బస్తాలు దానం కాదు, బాకీలో కొంత జమ. జమ కట్టినవాడికి షరతు పెట్టే హక్కెక్కడిది?

"అయితే చందాలు మానేసి ప్రభుత్వాన్నే నిలదియ్యండి" అంటుంది ఒక స్నేహితురాలు. నిలదియ్యాల్సిందే. 2015లో మొదలైన సఖి కేంద్రాల్లో తాత్కాలిక బస ఐదు రోజుల వరకే. కేసు చూస్తే, మొదటి విచారణ నుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టమే అంది. ఆ 60 రోజులూ 60 రోజుల్లో అయిపోవని కోర్టు మెట్లెక్కిన వాళ్లందరికీ తెలుసు. ఐదో రోజు తర్వాత శక్తి సదన్‌కి పంపొచ్చు. అది ఇంకో ఊళ్లో ఉంటే పిల్ల బడి, ఈమె కూలిపని ఏం కావాలి? ప్రభుత్వం డబ్బుకీ షరతులుంటాయి. కాకపోతే వాటి మీద అర్జీ పెట్టుకోవచ్చు, ధర్నా చెయ్యొచ్చు. అన్నగారి మీద ధర్నా చెయ్యలేం.

1938లో వచ్చిన 'త్రీ గినీస్'లో వర్జీనియా ఉల్ఫ్ చందా అడిగిన ఉత్తరాలు ముందు పెట్టుకుని, ఏ షరతు మీద ఇవ్వాలా అని తర్కించుకుంటుంది. నాకెంతో ఇష్టమైన పుస్తకం. అయినా ఇప్పుడు చదువుతుంటే కొంచెం అసూయగా ఉంది. ఇచ్చేవాళ్లకి ఆలోచించుకునే తీరికుంటుంది. పొయ్యిమీద ఎసరు మరుగుతున్నవాళ్లకి ఉండదు.

ఆ నెల మమ్మల్ని గట్టెక్కించింది పక్క పేటలోని పొదుపు సంఘాల వాళ్లు. మనిషికి పది రూపాయలు, ఇంటికో గిద్దెడు బియ్యం. సన్నవీ దొడ్డువీ కలిసిపోయి అన్నం ముద్దయ్యేది. ఒక్క ఫోన్‌తో ఎవరూ ఆపలేని బియ్యం అని గర్వపడ్డాను. తర్వాత ఆలోచిస్తే సిగ్గేసింది. మిల్లువాళ్ల ఇంట్లో దెబ్బలకి కూలిపనులకు పోయే ఆడవాళ్లు ఖర్చు పెట్టుకోవడమేమిటి? న్యాయం కాదు. అయినా తీసుకున్నాం. ఇప్పటికీ తీసుకుంటున్నాం.

మొన్న మిల్లు గుమస్తా వచ్చాడు. వచ్చే నెల నుంచి మళ్లీ పంపుతారట, వరండాలో పేరు రాసి బోర్డు పెడితే చాలట. ఆమె గురించి అడిగాను. "ఇంట్లోనే ఉందండి, బాగానే ఉంది" అన్నాడు నేల చూస్తూ. ఆదివారం కమిటీ మీటింగు. ఇవాళ వసతిలో పదకొండు మంది ఉన్నారు. ఈసారి వాళ్లని కూడా మీటింగులో కూర్చోబెట్టి అడుగుదామని అన్నాను. ఇద్దరు సభ్యులు అప్పుడే వద్దంటున్నారు.