ఊగని రైలు, ఏడ్చిన పిల్లవాడు

మా పెద్దదోర్నాలకి రైలు లేదు. రైలెక్కాలంటే బస్సులో మార్కాపురం పోయి, అక్కణ్ణించి మార్కాపురం రోడ్డు స్టేషను చేరుకోవాలి. శ్రీశైలం యాత్రికులతో కిటకిటలాడే ఊరే అయినా అందరికీ రోడ్డే గతి. లేనిదాని మీద మోజు ఎక్కువంటారు కదండీ! అందుకేనేమో, రైలు కనిపించే సినిమా ఏదైనా సరే, నేను కదలకుండా కూచుని చూస్తాను. కథాచిత్రాలే కానక్కర్లేదు, పాత డాక్యుమెంటరీలైనా సరే.

డాక్యుమెంటరీ అనగానే మీలో చాలామందికి ఆవలింత వస్తుందని తెలుసు. 1948లో పుట్టిన ఫిల్మ్స్ డివిజన్ వాళ్ల చిన్న చిత్రాలు తెలుగుతో సహా ఎన్నో భాషల్లో దేశమంతా తిరిగేవి. ఆనకట్టలూ, కర్మాగారాలూ, రైళ్లూ! అసలు సినిమాకి ముందు వాటిని వేసి తీరాలన్నది హాళ్ల లైసెన్సు షరతు. ఆ గంభీరమైన గొంతు మొదలవగానే మగవాళ్లు బీడీలకీ, మనం పిల్లలకి వేరుశనక్కాయలు కొనిపెట్టడానికీ లేచేవాళ్లం. 2022లో ఆ సంస్థ ఎన్.ఎఫ్.డి.సి.లో కలిసిపోయింది. అప్పుడు లేచిపోయిన మనమే ఇప్పుడా బొమ్మలు ఎక్కడైనా కనిపిస్తే కళ్లప్పగించి చూస్తున్నాం. ఎందుకంటారు? అందులో ఉన్నది కల్పన కాదు, నిజం అన్న నమ్మకం.

ఆ నమ్మకం దగ్గరే నాకు చిక్కొచ్చి పడింది.

1936లో ఇంగ్లండు తపాలాశాఖ చిత్ర విభాగం వాళ్లు 'నైట్ మెయిల్' అని ఒక చిత్రం తీశారు. లండన్ నుంచి స్కాట్లండుకి రాత్రికి రాత్రి ఉత్తరాలు మోసుకుపోయే బండి కథ అది. ఒకప్పటి మన ఆర్.ఎం.ఎస్. వాళ్లలాగే, పెట్టెలో నిలబడి గుమాస్తాలు ఉత్తరాలను ఊరూరికీ వేరుచేసి గూళ్లలో వేస్తుంటారు. బండి కుదుపుకి మనుషులు ఇటూ అటూ ఊగుతుంటారు. చూస్తుంటే మనమూ ఆ పెట్టెలోనే ఉన్నట్టనిపిస్తుంది. తీరా చూస్తే అది రైలుపెట్టే కాదు, స్టూడియోలో వేసిన సెట్టు! సెట్టు ఊగదు కనక మనుషులే ఊగారు.

దీన్ని మోసం అందామా? నాకైతే నోరు రాదు. వాళ్లు నటులు కారు, నిజంగా ఆ పనిచేసే తపాలా ఉద్యోగులే. రైల్లో ఊగుతూ చేసే పనిని ఆ పూట కెమెరా ముందు తెలిసే చేసి చూపించారు. మన పెళ్లిళ్లలో మాత్రం? అప్పగింతలప్పుడు వీడియో అబ్బాయి "అమ్మా, సరిగా రాలేదు, ఇంకోసారి కళ్లు తుడుచుకోండి" అంటే, నవ్వాపుకుంటూ తుడుచుకోమూ? ఆ తుడుచుకోవడం అబద్ధమే. లోపలి దిగులు మాత్రం అబద్ధం కాదు.

ఇక రెండో చిత్రం సంగతి చెప్తాను. 1961లో జాన్ ష్లెసింజర్ అనే దర్శకుడు బ్రిటిష్ రవాణా చిత్ర విభాగం కోసం 'టెర్మినస్' తీశాడు. లండన్ వాటర్లూ స్టేషనులో ఒక రోజు జీవితం. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, ఎదురుచూసేవాళ్లు. వాళ్ల మధ్య తప్పిపోయి వెక్కివెక్కి ఏడ్చే అయిదేళ్ల పిల్లవాడు! చూసిన ఏ తల్లికైనా కడుపు తరుక్కుపోతుంది. ఆ ఏడుపులో నటన లేదు. ఎందుకంటే ఆ పిల్లవాణ్ణి అతని తల్లే, ఆవిడ నటి, చిత్రం కోసం కావాలని కాసేపు వదిలిపెట్టిందట.

ఇప్పుడు చెప్పండి. మొదటి చిత్రంలో ఊగడం అబద్ధం. రెండో చిత్రంలో కన్నీళ్లు నిజం. కానీ మనసు నొచ్చుకునేది ఏ చిత్రానికి?

"కాసేపే కదా, తల్లి దగ్గర్లోనే ఉండి ఉంటుంది కదా" అనొచ్చు మీరు. బళ్లో వేసిన మొదటిరోజు బిడ్డ ఏడుస్తుంటే మనమూ వెనక్కి తిరగకుండా వచ్చేస్తాం. సూది వేయించడానికి తీసుకెళ్తూ బిస్కెట్టు కొనిస్తానని మభ్యపెడతాం. నిజమే. కానీ ఆ ఏడుపుకి ఫలం బిడ్డదే. చదువొస్తుంది, జ్వరం తగ్గుతుంది. స్టేషనులో ఏడ్చిన పిల్లవాడికి ఏం దక్కింది? దక్కిందంతా చూసే మనకే. పైగా తపాలా గుమాస్తాకి తాను ఊగుతున్నది సినిమాకని తెలుసు. ఆ పసివాడికి తెలిసింది ఒక్కటే, అమ్మ లేదని.

అందుకే, చిత్రం నిజమా కాదా అన్నది రెండో ప్రశ్న అనిపిస్తుంది నాకు. అందులో ఉన్న మనిషికి తెలిసి తీశారా లేదా అన్నది మొదటి ప్రశ్న.

ఇదంతా ఎక్కడో లండన్ గొడవ అనుకోకండి. శివరాత్రికి మా దోర్నాల బస్టాండుకి వచ్చి చూడండి. ఇసకేస్తే రాలని జనం. నెత్తిన మూటలతో నల్లమల ఘాట్ రోడ్డెక్కే బస్సుల కోసం పరుగులు. అంత రద్దీలో చెయ్యి జారిపోయిన పిల్లలు ఒకరిద్దరు ఏడుస్తూ కనిపిస్తూనే ఉంటారు. ఇప్పుడు కెమెరా అందరి చేతుల్లోనూ ఉంది. ఆ పిల్లని ఎవరూ కావాలని ఏడిపించలేదు, నిజమే. అయినా చంకనెత్తుకోవాల్సిన చేత్తో ఫోను పైకెత్తితే, ఆ బొమ్మ ఎంత నిజమైతే మాత్రం ఏం లాభం? ముందు వాళ్లమ్మని వెతకాలి. బొమ్మ సంగతి ఆ తర్వాత.

డాక్యుమెంటరీల మీద నాకు కోపమేమీ లేదు. పైగా ఒక కోరిక కూడా ఉంది. గిద్దలూరు దాటి నంద్యాల వైపు పోతుంటే అడవిలో దొరబావి వంతెన ఉండేది. 1880లలో కట్టింది. 1990లలో బ్రాడ్‌గేజి వచ్చి దారి మళ్లాక, మీటర్‌గేజి బండి పరిగెత్తిన చోట స్తంభాలు మిగిలాయి. ఆ బండిని మళ్లీ తెర మీద చూపిస్తామని ఎవరైనా స్టూడియోలో పెట్టె కట్టి పిలిస్తే, కిటికీ పక్కన చోటు నాదే. ఊగమన్నంతసేపూ సంతోషంగా ఊగుతాను. పిల్లల్ని మాత్రం వాళ్లమ్మల ఒళ్లో కూచోబెట్టమంటాను.