ఊరికేనా?

పాడేరు అవతల ఒక కొండదారి ఉంది. ఊరి పేరు చెప్పను. చెబితే వచ్చే శనివారం నాలాంటి వాళ్లు పదిమంది బయల్దేరతారు. మొత్తం ఆరు కిలోమీటర్లు. మూడేళ్ల కిందట, వానాకాలం చివర్లో, మేం మూడు బళ్లలో ఆ దారెక్కితే పైకి చేరడానికి నాలుగు గంటలు పట్టింది.

నాది థార్. వారానికి ఐదు రోజులు హైదరాబాదులో కోడ్ రాసుకుంటాను. రీల్స్ పుణ్యమా అని ఆఫ్‌రోడింగ్ అంటే బురద చిమ్ముకుంటూ దూసుకుపోవడమే అనుకుంటారు చాలామంది. నిజానికి అది మహా నెమ్మదైన పని. 32 పీఎస్ఐ ఉన్న టైర్లలో గాలి 20కి దించుతాం. అప్పుడు టైరు వెడల్పుగా పరుచుకుని రాయిని పట్టుకుంటుంది. ఫోర్ లో వేస్తే వేగం పడిపోయి, చక్రాలకి అందే బలం సుమారు రెండున్నర రెట్లవుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు కూడా పెట్టక్కర్లేదు, బండి మనిషి నడకలా పాకుతుంది. ఒకడు ముందు నడుస్తూ ఏ చక్రం ఏ రాయి మీద పెట్టాలో చేత్తో చూపిస్తాడు. ఆ కాసేపూ బుర్రలో ఇంకో ఆలోచన ఉండదు. నాకు కావాల్సింది అదే.

సగం దారిలో ఒక మలుపు దగ్గర నా బండి వెనక చక్రం గాడిలో జారి, బండి పొట్ట రాయి మీద కూర్చుండిపోయింది. డిఫరెన్షియల్ లాక్ పడింది, కానీ చక్రాలకి నేల అందితే కదా! పైనున్న గూడెం నుంచి నలుగురు దిగొచ్చారు. మేం అడక్కుండానే చక్రాల కింద రాళ్లు పేర్చడం మొదలుపెట్టారు. వాళ్లలో ఒక పెద్దాయన అడిగాడు:

"రోడ్డేయడానికి వచ్చేరా బాబూ?"

"లేదు తాతా. ఊరికే, బండి తోలదామని."

"ఊరికేనా?"

అందులో వెటకారం లేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. రెండు నెలల కిందట నెలలు నిండిన కోడల్ని డోలీలో ఈ దారినే దించారట. కర్రకి దుప్పటి కట్టి, అటొకరు ఇటొకరు భుజానికెత్తుకుని. ఈ మలుపులోనే ముందు మోసేవాడి కాలు జారిందట. తల్లీ బిడ్డా క్షేమమే. ఈ మలుపులో ఏ రాయి కదులుతుందో ఏది కదలదో తనకెలా తెలుసో చెప్పడానికే ఆయన ఈ సంగతి చెప్పాడు. మమ్మల్ని ఏమీ అనలేదు.

బెర్నార్డ్ సూట్స్ అనే తత్వవేత్త 1978లో 'ది గ్రాస్‌హాపర్' అనే పుస్తకం రాశాడు. ఈసప్ కథలో వేసవంతా పాడుకుని చలికాలంలో ఆకలికి చచ్చే మిడతే అందులో హీరో. అక్కర్లేని అడ్డంకుల్ని కోరి పెట్టుకుని వాటిని దాటే ప్రయత్నమే ఆట అంటాడు ఆయన. గోల్ఫ్ బంతిని చేత్తో తీసుకెళ్లి గుంటలో వెయ్యొచ్చు. కానీ అలా చేస్తే ఆటే లేదు. ఆఫ్‌రోడింగ్ గురించి ఎవరైనా "పనికిమాలిన పని" అంటే చాలాకాలం ఇదే నా జవాబు. అవును, అక్కర్లేని కష్టమే, అందుకే ఆట.

కానీ గోల్ఫ్ గుంట ఆట కోసమే తవ్వింది. ఆ మలుపులో గాడి నా కోసం తవ్వింది కాదు. నాకు అక్కర్లేని అడ్డంకే తాతకి తప్పని అడ్డంకి.

"అయితే ఏంట్రా? నువ్వెళ్తే వాళ్ల కష్టం పెరగదు, మానేస్తే తగ్గదు" అన్నాడు మా ఫ్రెండ్. సగం నిజం. తడి మట్టిలో చక్రం ఒక్కచోటే తిరిగితే గాడి పడుతుంది. తర్వాతి వాన నీళ్లు ఆ గాడినే కాలవ చేసుకుంటాయి. ఆ కాలవలోంచి రేపు బైక్ కూడా పోలేదు. కాబట్టి మా వల్ల కష్టం కొంత పెరుగుతుంది. సరే, వానల్లో వెళ్లకపోతే ఆ తప్పు దిద్దుకోవచ్చు.

దిద్దుకోవడం కష్టమైంది ఇంకొకటుంది. పోయిన చలికాలం మా గ్రూపులో మెసేజ్ వచ్చింది: "అక్కడ తారు పడిపోయింది. ఇంకో ట్రైల్ పోయింది." కింద వరసగా ఏడుపు ఇమోజీలు. నేనూ ఒకటి నొక్కాను. నొక్కాక ఆ "ఊరికేనా?" గుర్తొచ్చింది.

నా ఏడుపు ఇమోజీ రోడ్డు పని ఆపదు, నిజమే. కానీ నా సరదాకి ఆ దారి అలాగే పాడుగా ఉండటం కావాలని అది చెప్పేసింది. పూరిళ్లు పోయి డాబాలొచ్చాయని బాధపడే కథలు మనం ఎన్ని చదవలేదు! ఆ పూరింట్లో వానకి తడిసినవాడికి ఆ బాధ ఉంటుందా?

జనవరిలో మళ్లీ వెళ్లాను, ఒక్కణ్ణే. ఫోర్ లో అవసరమే పడలేదు. ఆరు కిలోమీటర్లూ పదిహేను నిమిషాల్లో అయిపోయాయి. ఆ మలుపు ఎక్కడో గుర్తుపట్టడానికి రెండుసార్లు ఆగాల్సొచ్చింది. ఎదురుగా నిండా జనంతో ఆటో వస్తుంటే పక్కకి తీసి దారిచ్చాను. మంచి జరిగిందని అప్పుడు అనిపించింది. కానీ అంతకుముందు అనిపించింది మాత్రం వెలితే. తాత కనిపించలేదు.

బండి అమ్మలేదు. సిటీ బయట ఆట కోసమే గుంతలు తవ్విన ట్రాక్‌లున్నాయి, ఇప్పుడు అక్కడికి వెళ్తున్నాను. మజా కొంచెం తక్కువే. అది "అసలైన" దారి కాదు కదా అని ఒకసారి నోరు జారాను. ఒక దారిని నా దృష్టిలో అసలైనదిగా చేసేది ఏంటో ఆ రోజు ఇంటికి తిరిగొస్తూ ఆలోచించాను. నాకు దొరికిన జవాబు నాకే నచ్చలేదు.